చెరకుసీమలో సోడాయంత్రం

గోదావరీనది తెలంగాణలో అడుగుపెట్టే చోటు కందకుర్తి. నిజామాబాదు జిల్లా రెంజల్ మండలంలోని ఈ గ్రామం వద్ద మంజీర, హరిద్ర అనే రెండు ప్రవాహాలు గోదావరిలో కలుస్తున్నందున పెద్దలు దీనిని త్రివేణీ సంగమమని పిలుచుకొన్నారు. నదీగర్భంలో ఒక పాత రాతి శివాలయం ఉన్నది. వరద వచ్చినప్పుడు అది మునుగుతుంది. వరద తీయగానే మళ్ళీ కనబడుతుంది. పుష్కరాలకు, పర్వదినాలకు స్నానార్థం వచ్చే జనానికి ఆ దృశ్యం పరిచితమే. 2015లో జరిగిన గోదావరీ పుష్కరాలలోనూ యాత్రికులు ఇక్కడికి వేలాదిగా వచ్చినారు.

జనం చేరిన చోట దాహం ఉంటుంది. దాహం ఉన్న చోట ఒకప్పుడు సోడాబండి ఉండి తీరేది. తీర్థాలలో, జాతరలలో, రైలుస్టేషను వెలుపల, సినిమాహాలు ముంగిట గోలీసోడా కొట్టిన చప్పుడు వినని తెలుగువాడు మొన్నమొన్నటి వరకు లేడనవచ్చును. నేడు ఆ చప్పుడు అరుదైపోయినది. ఆ చప్పుడుకు కారణమైన యంత్రాలు పాత ఇనుప సామాను కొట్లకు తూకం లెక్కన చేరినవి. అలా చేరగా మిగిలిన వాటిని కొందరు శోధించి తెచ్చి, తుప్పు వదలగొట్టి, మళ్ళీ నడిపిస్తున్నారు. కొందరికి అది వినోదం; మరికొందరికి జీవనోపాధి. ఆ యంత్రం ఎక్కడ పుట్టినది, మన చెరకుసీమతో దానికి గల సంబంధం ఏమిటి, దానికి మళ్ళీ ప్రాణం పోయడంలో ఉన్న కష్టసుఖాలు ఏమిటి అనే విషయాలను ఈ ప్రసంగంలో మనవి చేస్తాను.

సోడాకు మూడు వస్తువులు కావలె: నీరు, గ్యాసు, తీపి సోడా అయితే చక్కెర. ఈ మూడింటిలో గ్యాసు చరిత్ర చాల చిత్రమైనది. 1767లో ఇంగ్లండులోని లీడ్సు పట్టణంలో జోసెఫ్ ప్రీస్ట్‌లీ అనే మతాచార్యుడు ఒక బీరు బట్టీకి పొరుగున కాపురముండేవాడు. బీరు పులిసే తొట్లపైన ఒక విధమైన గాలి పేరుకొని ఉండడం, ఆ గాలిలో పెట్టిన పుల్ల మంట ఆరిపోవడం అతడు గమనించినాడు. ఆ తొట్టిపై ఒక పాత్ర నుండి మరొక పాత్రకు నీటిని మార్చి మార్చి పోసినాడు. నీరు ఆ గాలిని పీల్చుకొని, నాలుకను చురుక్కుమనిపించే కొత్త రుచి సంతరించుకొన్నది. ఆ గాలియే బొగ్గుపులుసు వాయువు. నేడు మనం కార్బన్ డయాక్సైడు అంటున్నాము. ప్రీస్ట్‌లీ ఈ పద్ధతిని 1772లో ఒక చిన్న పుస్తకంగా ప్రకటించినాడు. దూరప్రయాణం చేసే నావికుల రోగాలకు ఈ నీరు మందుగా పనికివస్తుందని ఆశించినాడే గాని, దీనితో వ్యాపారం చేయలేదు.

వ్యాపారం చేసినవాడు యోహాన్ యాకబ్ ష్వెప్. జెనీవా నగరంలో గడియారాలు, నగలు చేసే పనివాడు. 1783లో అక్కడ సోడానీటి వ్యాపారం ప్రారంభించి, 1792లో లండను చేరినాడు. సున్నితమైన పనిముట్లు వాడే చేతులవాడు కనుకనే గ్యాసును నీటిలోనికి ఎక్కించే పంపును అతడు చక్కగా అమర్చగలిగినాడు. అంటే సోడాయంత్రం పుట్టింటివారు రసాయనశాస్త్రవేత్తలు. మెట్టినింటివారు మాత్రం కంసాలులు, కమ్మరులు. ఈ సంగతి మనం గుర్తుంచుకొనవలె. ఈ ప్రసంగం చివరిలో ఇది మళ్ళీ అవసరపడుతుంది.

1803లో విలియం హెన్రీ అనే మరొక ఆంగ్లేయుడు దీనికి సూత్రం చెప్పినాడు. నీటిపై గ్యాసు ఎంత ఒత్తిడితో ఉంటే అంత ఎక్కువ గ్యాసు నీటిలో కరుగుతుంది అని ఆ సూత్రం సారాంశం. నీరు ఎంత చల్లగా ఉంటే అంత మంచిదన్న సంగతి కూడా అనుభవంలో తేలినది. మామూలు వాతావరణ పీడనంలో, సున్న డిగ్రీల సెంటిగ్రేడు వద్ద ఒక లీటరు నీరు సుమారు 1.7 లీటర్ల బొగ్గుపులుసు వాయువును పట్టుకొంటుంది. 30 డిగ్రీల వద్ద ఆ శక్తి లీటరులో మూడింట రెండు వంతులకు పడిపోతుంది. మన ఎండలలో సోడా కొట్టేవాడు నీటికుండకు తడిగుడ్డ చుట్టి నీడన ఉంచడంలో గల రహస్యం ఇదే. హెన్రీ పేరు విననివాడు కూడా హెన్రీ సూత్రం ప్రకారమే నడుచుకొన్నాడు.

మొదటి రోజులలో ఈ గ్యాసును సుద్ద మీదనో, చలువరాతి పొడి మీదనో గంధకికామ్లం పోసి తయారు చేసేవారు. కొందరు సోడాఉప్పు వాడినారు. ఆ ఉప్పును బట్టే ఈ పానీయానికి సోడా అనే పేరు వచ్చినది. తరువాత ఉప్పు పోయినా పేరు నిలిచిపోయినది.

మన దేశానికి సోడా దొరల వెంట వచ్చినది. ఇంగ్లీషు సైనికులున్న కంటోన్మెంటులలో దానికి మొదటి గిరాకీ. కలరా భయపెడుతున్న ఆ కాలంలో బుడ్డిలో బిగించిన నీరు బావినీటి కన్న క్షేమమని వారి నమ్మకం. చల్లదనం కోసం సముద్రాలు దాటించి మంచుగడ్డలు కూడా తెప్పించుకొన్నారు. 1833లో అమెరికా నుండి ఓడలో బయలుదేరిన మంచు కలకత్తా చేరినది. 1842లో మద్రాసు సముద్రతీరాన ఆ మంచును నిలువచేసేందుకు ఒక భవనమే కట్టినారు. నిజాం రాజ్యంలో అటువంటి దొరల దండు సికిందరాబాదులో ఉండేది. క్రమంగా దొరల బల్లమీది పానీయం బజారుకు దిగినది. విందు భోజనానంతరం ఉప్పుసోడా, వేసవిలో నిమ్మకాయసోడా, పిల్లలకు రంగుసోడా మన సంసారాలలో కలిసిపోయినవి. మందపు అద్దాల కళ్ళజోడును సోడాబుడ్డి కళ్ళద్దాలని హాస్యమాడేంతగా ఆ బుడ్డి మన మాటలలోనికి కూడా చొచ్చుకొనివచ్చినది.

ఇక ఆ బుడ్డి సంగతి. గ్యాసు నింపడం ఒక ఎత్తు, దానిని నిలపడం మరొక ఎత్తు. బెండుబిరడా ఎండితే కుంచించుకొనిపోయి గ్యాసు జారిపోతుంది. బిరడా సదా తడిగా ఉండేందుకు అడుగు గుండ్రంగా ఉండి, పడుకోబెట్టక తప్పని కోడిగుడ్డు ఆకారపు సీసాలు కొంతకాలం వాడినారు. చివరకు హైరం కాడ్ అనే ఆంగ్లేయుడు చిక్కు విప్పినాడు. 1838లో జన్మించిన కాడ్ 1870, 1872 సంవత్సరాలలో తీసుకొన్న పేటెంట్లతో గోలీబుడ్డి లోకానికి వచ్చినది. సీసా గొంతులో ఒక గాజుగోలీ. మూతి లోపల ఒక రబ్బరు ఉంగరం. సీసాను తలకిందులు చేసి గ్యాసు నింపితే గోలీ మూతివద్దకు జారుతుంది. లోపలి గ్యాసు ఒత్తిడియే దానిని ఉంగరానికి అదిమిపెడుతుంది. బయటి తాళం అక్కరలేదు. దొంగను ఇంట్లోనే ఉంచి తలుపు కాపలా పెట్టినట్లు, పారిపోజూచే గ్యాసే తన దారిని తాను మూసుకొంటుంది. సీసా మెడలోని నొక్కు గోలీ అడుగుకు జారకుండ ఆపుతుంది. తాగేటప్పుడు ఆ నొక్కులోని గూట్లో గోలీ ఒదిగి, నీటికి దారి ఇస్తుంది.

1892లో అమెరికాలో విలియం పెయింటర్ రేకుమూత కనిపెట్టడంతో పాశ్చాత్య దేశాలు గోలీబుడ్డిని క్రమంగా విడిచినవి. జపానులో అది రామునే అనే పేరుతో నేటికీ బ్రతికి ఉన్నది. మన దేశంలోనూ అది నిలిచినది. అందుకు కారణం స్పష్టం. రేకుమూతకు ప్రతిసారి కొత్త మూత కావలె. దానిని బిగించే యంత్రం కావలె. గోలీబుడ్డికి మూత దానిలోనే ఉన్నది. ఒక్క సీసాను వందలసార్లు నింపవచ్చును. పెట్టుబడి తక్కువగా ఉన్న వ్యాపారికి ఇంతకంటె అనువైనది మరొకటి లేదు. తెలంగాణలో గోటీలనే ఆ గోలీల కోసం పిల్లలు పగిలిన సీసాల చుట్టూ మూగేవారు. అదొక్కటే వ్యాపారికి చిన్నపాటి చిక్కు.

చేతితో తిప్పే సోడాయంత్రం చూడడానికి సామాన్యంగా ఉంటుంది. ఇనుప కాళ్ళ మీద ఒక ఇరుసు, ఆ ఇరుసుకు బిగించిన పెట్టె, పెట్టెలో సీసాలు పెట్టే గూళ్ళు, పక్కన పిడి. సిలిండరు నుండి వచ్చే గొట్టం ఇరుసు గుండా లోపలికి పోతుంది. సీసాలలో కొంచెం ఖాళీ విడిచి నీరు పోసి, మూతులు వాల్వులకు ఆనించి బిగిస్తారు. గ్యాసు వదలి పిడిని గిరగిర తిప్పుతారు. తిప్పినకొద్దీ నీరు, గ్యాసు కలియబడి, ఒకదానిలో ఒకటి ఇముడుతవి. పెట్టె తలకిందులైన క్షణంలో గోలీ వచ్చి మూతికి కరుచుకొంటుంది. ఎన్ని చుట్లు తిప్పవలెనో, గ్యాసు ఎంత వదలవలెనో పనివాడి చేతికి తెలుస్తుంది. సీసా లోపల అప్పుడు వాతావరణానికి అనేక రెట్ల ఒత్తిడి ఉంటుంది. గాజులో ఏ మాత్రం లోపమున్నా పగులుతుంది. అందుకే సీసాల చుట్టూ ఆ మూసిన పెట్టె. అందుకే ఇంగ్లండు కర్మాగారాలలో ఈ పనివారు ముఖానికి జల్లెడ కవచం, చేతులకు తొడుగులు ధరించేవారు. మన సోడాబండ్లవారిలో ఎందరికి ఆ రక్షణ లభించినదో శ్రోతలే ఊహించుకొనవచ్చును.

ఇంగ్లండులో బార్నెట్ అండ్ ఫాస్టర్, హేవర్డ్ టైలర్ వంటి కంపెనీలు సోడాయంత్రాలు చేసి దేశదేశాలకు పంపినవి. తెలుగుదేశంలో ఆ యంత్రం చుట్టూ ఒక పరిశ్రమయే పెరిగిన ఉదాహరణ పూర్వం తూర్పుగోదావరి జిల్లాలో ఉండిన రామచంద్రపురంలో కనబడుతుంది. ఇరవయ్యవ శతాబ్ది రెండవ దశకంలో అద్దూరి రామచంద్రరాజుగారు సోదరునితో కలిసి అక్కడ సోడా వ్యాపారం ఆరంభించినారు. అదే కాలక్రమాన ఆర్టోస్ అనే పానీయమై, నూరేండ్లు దాటి నిలిచినది. తమిళదేశంలో 1916లో విరుదునగరంలో ఆరంభమైన కాళీమార్కు సంస్థ కూడా అటువంటిదే. చిన్న సోడాయంత్రం ఒక కుటుంబానికి తరతరాల వృత్తిని ఇవ్వగలదనడానికి ఇవి సాక్ష్యాలు.

ఇప్పుడు మన చెరకుసీమకు వద్దాము. ఇందూరు అనే పాతపేరు గల ఈ ప్రాంతానికి 1900 ప్రాంతంలో హైదరాబాదు నుండి మన్మాడు పోయే రైలుమార్గం వచ్చినది. రైలు వచ్చిన చోటికి యంత్రాలు, సీసాలు, గ్యాసు సిలిండర్లు రాగలిగినవి. 1923లో మంజీరపై నిజాంసాగరు నిర్మాణం మొదలై 1931లో పూర్తియైనది. నవాబ్ అలీ నవాజ్ జంగ్ దాని ప్రధాన శిల్పి. ఆ కాలువ నీటితో బోధను చుట్టుపట్ల చెరకు విస్తారంగా పండినది. 1937లో నిజాం చక్కెర కర్మాగారం ఏర్పడినది. దాని చుట్టూ వెలసిన ఊరికి శక్కర్‌నగర్ అని పేరు వచ్చినది. శక్కర్ అంటే ఉర్దూలో చక్కెర. ఒకప్పుడు ఆసియాఖండంలోనే పెద్ద చక్కెర కర్మాగారాలలో ఒకటిగా దానిని చెప్పుకొనేవారు.

చక్కెర తీయగా మిగిలే చెరకు మడ్డిని పులియబెట్టి ఆల్కహాలు తీసే బట్టీ కూడా అక్కడ ఉండేది. ఇక్కడ ఒక చక్కని లెక్క ఉన్నది. 100 పాళ్ళ గ్లూకోసు పూర్తిగా పులిస్తే సుమారు 51 పాళ్ళు ఆల్కహాలు, 49 పాళ్ళు బొగ్గుపులుసు వాయువు వస్తుంది. అంటే తీపిలో దాదాపు సగం గాలియై పోతుంది. ప్రీస్ట్‌లీ లీడ్సులో తన పాత్రను పట్టుకొని నిలుచున్నది సరిగ్గా అటువంటి గాలిలోనే. పులిసే తొట్ల నుండి ఈ వాయువును పట్టి, శుభ్రపరచి, సిలిండర్లకు ఎక్కించడం నేడు ప్రపంచమంతటా ఆల్కహాలు పరిశ్రమలకు అనుబంధమైన వ్యాపారం. మంజీర నీరు, బోధను చక్కెర, చెరకు పులిస్తే పుట్టే గ్యాసు. సోడాబుడ్డికి కావలసిన మూడింటికీ మూలం ఈ ఒక్క సీమలోనే ఉన్నది.

పడమటి దేశాలలో సోడా అమ్మకం వేరొక దారి పట్టినది. నాణెం వేస్తే వస్తువునిచ్చే యంత్రం ఊహ చాల పాతది. క్రీస్తుశకం మొదటి శతాబ్దిలో అలెగ్జాండ్రియాకు చెందిన హీరో అనే పండితుడు, నాణెం పడగానే ఆ బరువుకు మీట వంగి దేవాలయ తీర్థం కొంచెం పోసే ఏర్పాటును వర్ణించినాడు. అమెరికాలో 1937లో కాన్సస్ నగరాన స్థాపితమైన వెండో వంటి కంపెనీలు నాణెం మింగి చల్లని సీసా ఇచ్చే పెట్టెలు చేసినవి. 1950 నాటి ఆ గుండ్రని భుజాల ఎర్రపెట్టెలను నేడు అక్కడ వెతికి కొని, రంగువేసి, నాణెపు మీటలు సవరించి, మళ్ళీ చల్లబరచే పని ఒక వృత్తిగా స్థిరపడినది. ఆ పనివారికి ఒక చిక్కున్నది. ఆ నాటి చల్లదనపు వాయువు ఓజోను పొరకు హాని చేస్తుందని 1987 నాటి మాంట్రియల్ ఒప్పందం ఆధారంగా దాని ఉత్పత్తిని నిలిపివేసినారు. కనుక పైపెట్టె పాతదే అయినా లోపలి గుండెను మార్చక తప్పదు.

మన దేశంలో నాణెం తీసుకొని సోడా ఇచ్చే యంత్రం అవసరపడలేదు. ఆ పని మనిషే చేసినాడు. ఎండలో బండి తోసుకొని వచ్చి, పిడి తిప్పి, గోలీ నొక్కి, పైసలు పుచ్చుకొని, చిల్లర ఇచ్చి, ఎంగిలి సీసా కడిగి పెట్టుకొన్నాడు. కాబట్టి మన వద్ద పునరుద్ధరణ అంటే నాణెపు పెట్టెను బాగుచేయడం కాదు. సోడా కొట్టే యంత్రాన్ని, దానితోపాటు దానిని నడిపే విద్యను బాగుచేయడం.

ఆ విద్య ఎలా సన్నగిల్లినది? 1950లో కోకాకోలా మన దేశంలో ప్రవేశించినది. 1977లో వెళ్ళిపోయినది. ఆ ఖాళీలో దేశీయ పానీయాలు, ఊరి సోడాలు కొంత ఊపిరి పీల్చుకొన్నవి. 1993లో అది తిరిగివచ్చి, థమ్సప్, లిమ్కా, గోల్డ్‌స్పాట్ వంటి పేర్లను కూడా కొనుగోలు చేసినది. వెనువెంటనే తిరిగి ఇవ్వనక్కరలేని ప్లాస్టిక్ సీసా ఊరూర చేరినది. సీసా కడిగే కూలి లేదు, పగులుతుందన్న భయం లేదు. జగడాలలో సోడాబుడ్లు విసురుకొనే దురలవాటు కూడా గోలీసోడాకు అపఖ్యాతి తెచ్చినది. గోలీసీసాలు చేసే గాజు కార్ఖానాలు ఒక్కొక్కటే మూతపడి, ఉత్తరదేశంలో వేళ్ళమీద లెక్కించదగినవి మాత్రమే మిగిలినవి. సీసా లేనిదే యంత్రం ఎందుకు? వాడకం తగ్గగా యంత్రం మూలకు చేరినది. మూలనుండి తూకానికి పోయినది.

ఇటీవల గాలి కొంచెం తిరిగినది. పెళ్ళిళ్ళలో, హోటళ్ళలో గోలీసోడా మళ్ళీ కనబడుతున్నది. 2025లో కేంద్రప్రభుత్వపు వ్యవసాయోత్పత్తుల ఎగుమతి సంస్థ గోలీసోడాను విదేశాలకు పంపే ప్రయత్నాన్ని ప్రోత్సహించినది. పాతయంత్రం కోసం వెతికేవారు పెరిగినారు. ఈ సందర్భంలో పునరుద్ధరణ ఎట్లా జరుగుతుందో, ఎట్లా జరగవలెనో తెలుసుకొనడం అవసరం.

మొదటిపని రంగు వేయడం కాదు; విప్పడం. ఇరుసు అరిగినదా, పిడి వంగినదా, పెట్టె గోడలో పగులున్నదా చూడవలె. పాత రంగులో సీసం ఉండవచ్చును. కనుక దానిని పొడిగా గీకి దుమ్ము పీల్చరాదు. అరిగిన ఇత్తడి వాల్వులను లేతు మిషనుపై కొత్తగా తీయించవలె. రబ్బరు వాషర్లన్నీ మార్చవలె. అవి తినే వస్తువులకు పనికివచ్చే రబ్బరుతో చేసినవై ఉండవలె. సోడానీరు పులుపు గుణం కలది. అది రాగి గొట్టంలో నిలువ ఉంటే రాగిని కరిగించుకొంటుంది, తాగినవారికి వాంతులవుతవి. అందుకే పూర్వులు నీరు తగిలే రాగి, ఇత్తడి భాగాలకు తగరపు కళాయి పూయించేవారు. కళాయిలో సీసం కల్తీ అయితే ఔషధం విషమవుతుంది. నేడు ఆ భాగాలను తుప్పుపట్టని ఉక్కుతో మార్చడం క్షేమకరం. అలంకారం కోసం ఆరోగ్యాన్ని బలిపెట్టరాదు.

రెండవది ఒత్తిడి పరీక్ష. బాగుచేసిన యంత్రాన్ని ముందుగా గ్యాసుతో పరీక్షించడం ప్రమాదకరం. నీటితో నింపి, పనిలో వచ్చే ఒత్తిడి కన్న ఎక్కువ ఒత్తిడి కలిగించి చూడవలె. నీరు అణగదు, కనుక ఎక్కడైనా పగిలితే నీరు కారిపోతుందే తప్ప ముక్కలు ఎగిరిపడవు. గ్యాసు అట్లా కాదు; అణిగియున్న గ్యాసు విడివడితే తుపాకిమందు వంటిది.

మూడవది సిలిండరు. ఇందులో బొగ్గుపులుసు వాయువు ద్రవరూపంలో ఉంటుంది. 20 డిగ్రీల వద్దనే లోపలి ఒత్తిడి వాతావరణానికి 57 రెట్ల దాకా ఉంటుంది. 31 డిగ్రీలు దాటితే ఆ వాయువు ద్రవంగా నిలువజాలదు. ఒత్తిడి త్వరత్వరగా పెరుగుతుంది. నిజామాబాదు వేసవిలో 45 డిగ్రీల ఎండ మనకు కొత్త కాదు. కనుక సిలిండరును నీడన ఉంచడం, గడువు ప్రకారం పరీక్ష చేయించడం, ఒత్తిడి తగ్గించే రెగ్యులేటరు లేకుండ యంత్రానికి తగిలించకపోవడం ప్రాణరక్షణకు సంబంధించిన నియమాలు. ముత్తాతల నాటి సిలిండరును మురిపెంగా వాడుకొనడం మాత్రం ఎన్నడూ తగదు.

ఇన్ని మార్చిన తరువాత అది పాతయంత్రమేనా అని ఎవరైనా అడగవచ్చును. ఇది సహేతుకమైన ప్రశ్న. నా అభిప్రాయం ఇది. యంత్రం పాతదనం దాని వాషరులో లేదు. అది చేసే పనిలో, ఆ పని చేసే తీరులో ఉన్నది. వంద సంవత్సరాల క్రిందటి యంత్రంలోనూ ప్రతి ఏడూ వాషర్లు మార్చినారు. మధ్యమధ్య వాల్వులు మార్చినారు. వాడుకలో ఉన్న యంత్రం మరమ్మతులతోనే బ్రతుకుతుంది. దానిని కదలకుండ అద్దాల అలమరలో నిలిపితే ఇనుము నిలుస్తుందేమో గాని, పిడి ఎన్ని చుట్లు తిప్పవలెనో తెలిసిన చేయి నిలువదు. హోటలు ముంగిట అందానికి రంగుపూసి పెట్టిన యంత్రాలకు నేను వ్యతిరేకిని కాను. తూకానికి పోవడం కన్న అది మేలు. కాని దానిని పునరుద్ధరణ అనడం కన్న సంస్మరణ అనడం సమంజసం.

జీవనోపాధిగా ఈ పని ఎంతవరకు నిలుస్తుంది? ఒక్క యంత్రాలు బాగుచేసి అమ్మడమే వృత్తిగా పెట్టుకొంటే గిరాకీ త్వరలో తీరిపోవచ్చును. పాతయంత్రాల సంఖ్యకు ఒక హద్దున్నది. బాగుచేసిన యంత్రంతో శుభకార్యాలకు సోడా సరఫరా చేసేవాడికి, ఇతరుల యంత్రాలను ఏటేటా సవరించేవాడికి, కొత్త విడిభాగాలు తీసి ఇచ్చేవాడికి పని నిలకడగా ఉంటుంది. సోడా పానీయం కనుక ఆహార భద్రతా శాఖ అనుమతి, శుద్ధమైన నీరు, సీసాలు కడిగే వసతి తప్పనిసరి. ఇవి లేని గోలీసోడా ఎంత ముచ్చటగా ఉన్నా ఇంటికి తేదగినది కాదు.

ఇక్కడ చెరకుసీమ గురించి మరొక్క మాట. చక్కెర కర్మాగారం చక్కెర మాత్రమే తయారుచేయదు. ఫిట్టర్లను, టర్నర్లను, బాయిలరు పనివారిని, వాల్వుల ధ్వని విని దోషం చెప్పగల వారిని తయారుచేస్తుంది. బోధనులో తరాల తరబడి అటువంటి చేతులు పెరిగినవి. 2002లో కర్మాగారపు పెత్తనం ప్రైవేటు భాగస్వామికి మారినది. 2015 డిసెంబరులో కర్మాగారం మూతపడినది. దాని పునరుద్ధరణ మార్గాలు పరిశీలించేందుకు 2024 జనవరిలో రాష్ట్రప్రభుత్వం ఒక సంఘాన్ని నియమించినది. ఆగిపోయిన పెద్ద యంత్రానికీ, మూలపడిన చిన్న యంత్రానికీ ధర్మం ఒక్కటే. తిరుగుతున్నంత కాలం అరుగుతుంది. ఆగిన క్షణం నుండి తుప్పుపడుతుంది. ఇనుపముక్కను ఎప్పుడైనా కొత్తగా పోతపోయవచ్చును. పని తెలిసిన మనిషి వేరేచోటికి పోయినా, వృద్ధుడై కన్నుమూసినా ఆ లోటును ఏ ధనమూ పూడ్చలేదు. ష్వెప్ అనే గడియారాల పనివాడు లేకుంటే ప్రీస్ట్‌లీ కనుగొన్న నీరు పుస్తకంలోనే ఉండిపోయేదన్న సంగతి ఇక్కడ జ్ఞాపకం చేసుకొనవలె.

కందకుర్తి శివాలయం ఏటేటా వరదలో మునిగి లేస్తున్నదంటే, కట్టినవారు రాతిని రాతితో బిగించిన నేర్పు దానిలో ఉన్నది కనుకనే. ఇనుముకు అంతటి ఆయుష్షు లేదు. దానికి మనిషి తోడు కావలె.

ఈ ప్రసంగం వింటున్న గృహస్థులలో కొందరి ఇండ్లలో, కొట్టుగదులలో, తాతలనాటి సోడాయంత్రం పడి ఉండవచ్చును. వారికి నా మనవి ఒక్కటే. దానిని తొందరపడి తూకానికి వేయవద్దు. తొందరపడి గ్యాసు కూడా ఎక్కించవద్దు. ఆ యంత్రం తిప్పిన పెద్దలు ఇంట్లోనో వాడలోనో జీవించి ఉంటే ముందుగా వారిని పిలిచి కూర్చోబెట్టండి. ఏ భాగాన్ని ఏ పేరుతో పిలిచేవారో, ఎన్ని చుట్లు తిప్పేవారో, సీసా పగలబోతుందని ఏ గుర్తునుబట్టి కనిపెట్టేవారో అడిగి వ్రాసి ఉంచండి. పిమ్మట నమ్మకమైన పనివాడిని చూచుకొనండి. తుప్పు వదలగొట్టడానికి మరికొంత వ్యవధి ఉన్నది. ఆ పెద్దల మాట వ్రాసుకొనడానికి మాత్రం వ్యవధి తక్కువ.